విమోచన: పాపం నుంచి విడుదల అని క్రైస్తవం చెప్పేది దేని గురించి? ఆ తర్వాత మిగిలే బాకీ ఏమిటి?

తాకట్టులో ఉన్న నగను తిరిగి తెచ్చుకోవడాన్ని తెలుగులో ‘విడిపించడం’ అంటారు. అసలూ వడ్డీ చెల్లించే వరకు ఆ నగ సొంతదారుదే అయినా ఆయన చేతిలో ఉండదు. క్రైస్తవ సిద్ధాంతంలో అత్యంత ముఖ్యమైన మాటల్లో ఒకటైన ‘విమోచన’ వెనుక ఉన్నది ఇలాంటి లావాదేవీయే. నగ ఉండే చోట అక్కడ మనిషి ఉంటాడు.

ఈ మాట తెలుగువారికి చర్చి బయట కూడా పరిచితమే. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరిన సందర్భాన్ని విమోచన దినమనాలా, విలీన దినమనాలా అన్న వాదం ఏటా వినిపిస్తూనే ఉంటుంది. అప్పుల బాధ తీరాలని రుణ విమోచన స్తోత్రం పఠించేవారు ఎందరో ఉన్నారు. ఒకచోట అది పాలన నుంచి విడుదల, మరోచోట అప్పు నుంచి. చర్చిలో అదే మాటకు పాపం నుంచి, ఆ పాపం మోపే దోషం నుంచి విడుదల అని అర్థం. క్రైస్తవులు చెప్పే అర్థం పూర్తిగా పట్టుబడాలంటే మిగిలిన రెండు అర్థాలనూ మనసులో ఉంచుకోవాలి. బైబిల్లో ఈ మాట పుట్టింది రాజు చేతి నుంచీ అప్పుల వాడి చేతి నుంచీ మనుషులు బయటపడిన కథల్లోనే.

ఈ సిద్ధాంతానికి తొలి నుంచీ ఒక గట్టి ప్రశ్న ఎదురవుతోంది. ఒకరి తప్పుకు మరొకరు మూల్యం చెల్లిస్తే, తప్పు చేసినవాడు తేలికగా బయటపడినట్టే కదా? అతడి వల్ల నష్టపోయినవారి సంగతేమిటి? క్రైస్తవేతరులు మాత్రమే వేసిన ప్రశ్న కాదిది. క్రైస్తవ వేదాంతులు కూడా దీనితో శతాబ్దాల పాటు కుస్తీ పట్టారు.

‘రసీదు’ వివరణలో నిజమెంత?

గుడ్ ఫ్రైడే రోజున అనేక తెలుగు చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు, సిలువ మీద యేసు పలికినట్టు సువార్తలు చెప్పే ఏడు మాటలపై ప్రసంగాలు సాగుతాయి. వాటిలో ఆరోది ‘సమాప్తమైనది’. దీని గ్రీకు మూలం ‘తెతెలెస్తాయ్’. ప్రాచీన కాలంలో అప్పు పూర్తిగా తీరినప్పుడు రసీదు మీద ఇదే మాట రాసేవారని, కనుక మానవుల పాపపు బాకీ తీరిపోయిందని యేసు ప్రకటించారని పలువురు బోధకులు వివరిస్తుంటారు.

వినడానికి ఇంపుగా ఉన్నా ఈ వివరణకు ఆధారం బలహీనం. ఈజిప్టులో దొరికిన సుంకపు రసీదులపై ఉన్న ఒక సంక్షిప్త రూపాన్ని తొలుత అలా చదివారు. అది ‘సుంకం చెల్లించడమైనది’ అని అర్థమిచ్చే వేరొక క్రియకు చెందినదని తర్వాతి పాపిరస్ పరిశోధకులు గుర్తించారు. యోహాను సువార్తలోని క్రియకు నెరవేరడం, పూర్తికావడం అన్నవే ప్రధానార్థాలు. తెలుగు అనువాదకులు ‘సమాప్తం’ అన్న మాటను ఎంచుకోవడం సబబుగానే ఉంది.

డబ్బు నిజంగానే కలిసి ఉన్న మాట మరొకటి ఉంది. మార్కు సువార్త పదో అధ్యాయంలో, తన ప్రాణాన్ని అనేకుల కోసం ‘లూత్రోన్’గా ఇవ్వడానికి వచ్చానని యేసు చెబుతారు. బందీనో బానిసనో విడిపించేందుకు చెల్లించే సొమ్మును ఆనాటి గ్రీకు వాడుకలో లూత్రోన్ అనేవారు. తెలుగు బైబిల్ దీనికి ‘విమోచన క్రయధనం’ అన్న సమాసాన్ని వాడింది. క్రయమంటే కొనడం కాబట్టి మూలంలోని సంత వాసన అనువాదంలోనూ నిలిచింది. పౌలు లేఖల్లో కనిపించే ‘అపోలూత్రోసిస్’ కూడా ఇదే కుదురుకు చెందిన మాట. గలతీయులకు రాసిన లేఖలో ఆయన వాడిన ‘ఎక్సగొరాజో’ అన్న క్రియలో ‘అగొరా’, అంటే అంగడి, ఉంది.

దగ్గరి బంధువు, దేవాలయపు గోడ

యేసుకు, పౌలుకు ఈ పదజాలం యూదుల లేఖనాల నుంచి వారసత్వంగా వచ్చింది. హీబ్రూలో ‘గోయేల్’ అనే మాట ఉంది. ఆపదలో ఉన్న కుటుంబ సభ్యుణ్ని విడిపించే బాధ్యత ఉన్న దగ్గరి బంధువును అలా పిలుస్తారు. లేవీయకాండం ఇరవై ఐదో అధ్యాయం ఈ ఏర్పాటును దాదాపు దస్తావేజు భాషలో వివరిస్తుంది. పేదరికంతో ఒకడు తన పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు దాన్ని విడిపించాలి. అప్పు తీర్చలేక తననే అమ్ముకుంటే బంధువు అతణ్ని విడిపించవచ్చు. ధరను యాభై ఏళ్లకోసారి వచ్చే ‘సునాద సంవత్సరం’ వరకు మిగిలిన ఏళ్ల లెక్కన కడతారు. ఆ ఏడు వచ్చిందంటే ఎవరూ చెల్లించకపోయినా బానిసలు ఇళ్లకు, భూములు పాత కుటుంబాలకు తిరిగి చేరాలి. రూతు గ్రంథంలో బోయజు పోషించేది ఈ బంధువు పాత్రనే. ఊరి గుమ్మం దగ్గర పెద్దల సమక్షంలో జరిగిన ఆ ఒప్పందం చదివితే పల్లె పంచాయితీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను దేవుడు బయటికి తెచ్చిన ఉదంతానికీ బైబిల్ ఇదే క్రియను వాడుతుంది. అక్కడ ఫరోకు ఎవరూ ఒక్క నాణెం చెల్లించలేదు. ‘విమోచన’కు ధర చెల్లించడం, బలంతో విడిపించడం అనే రెండు అర్థాలు మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. తర్వాతి వేదాంత వివాదాల్లో చాలా భాగం ఈ రెంటిలో ఏది ముఖ్యమన్న దగ్గరే పుట్టింది.

పౌలు లేఖలు విన్న గ్రీకు నగరవాసులకు ఇంకొక దృశ్యం కూడా తెలిసి ఉండాలి. గ్రీసులోని డెల్ఫీలో అపోలో ఆలయం ఉన్న ప్రాంగణపు గోడ రాళ్ల మీద బానిసల విడుదల పత్రాలు చెక్కి ఉన్నాయి. క్రీస్తుపూర్వం 200 ప్రాంతం నుంచి క్రీస్తుశకం మొదటి శతాబ్దం దాకా చెక్కిన ఈ శాసనాల్లో వెయ్యికి పైగా బానిసల విడుదల నమోదైంది. కాగితాల మీద యజమాని తన బానిసను అపోలో దేవుడికి అమ్ముతాడు. ఆ క్షణం నుంచి బానిసను మళ్లీ పట్టుకునే హక్కు ఎవరికీ ఉండదు. జర్మన్ పండితుడు అడోల్ఫ్ డైస్మన్ 1908లో వెలువరించిన గ్రంథంలో, మీరు వెలపెట్టి కొనబడినవారు అనే అర్థంలో పౌలు రాసిన మాటలకు ఈ శాసనాలే నేపథ్యమని వాదించారు.

ఆ పోలికను తర్వాతి పండితులు యథాతథంగా ఒప్పుకోలేదు. డెల్ఫీలో ధర సాధారణంగా బానిస కూడబెట్టుకున్న సొమ్ము నుంచే వచ్చేది, పేరుకు మాత్రమే దేవుడు కొన్నట్టు. పౌలు చెప్పే విమోచనలో విడుదలయ్యేవాడి చేతిలో ఏమీ లేదు. మరో తేడా కూడా గమనించదగ్గది. ఆ శాసనాల్లో చాలావాటిలో ‘పరమొనే’ అనే షరతు ఉంటుంది. విడుదలైన బానిస పాత యజమాని బతికున్నంత కాలం ఆయన దగ్గరే ఉండి చాకిరీ చేయాలన్నది దాని సారాంశం. గోడ మీద స్వేచ్ఛ, ఇంట్లో ఊడిగం. ‘స్వతంత్రులు’ అన్న మాట పౌలు నోట విన్న బానిసలకు ఈ తేడా మనకన్నా బాగా అర్థమై ఉంటుంది.

దోషం వేరు, అపరాధ భావం వేరు

పాపానికి పౌలు వాడిన గ్రీకు మాట ‘హమార్తియా’. గురి తప్పడం అన్నది దాని తొలి అర్థం. రోమీయులకు రాసిన లేఖలో పాపం అనేది చేసిన పనుల చిట్టాగా కన్నా, మనిషిని పట్టి ఉంచే యజమానిగా ఎక్కువగా కనిపిస్తుంది. మంచి చేయాలని ఉన్నా చేయలేకపోవడం, వద్దనుకున్నదే చేయడం అనే అనుభవాన్ని ఆ లేఖ ఏడో అధ్యాయం విడమరుస్తుంది. ఎనిమిదో అధ్యాయం, క్రీస్తులో ఉన్నవారి మీద ఇక తీర్పు లేదన్న ప్రకటనతో మొదలవుతుంది. ఆ విడుదలలో రెండు భాగాలున్నాయి. ఒకటి న్యాయస్థానానికి సంబంధించినది, అంటే దోషి అన్న తీర్పు రద్దు కావడం. రెండోది యజమాని మారడం. ఈ రెండో భాగం ప్రసంగాల్లో తరచూ వెనకబడిపోతుంది. పాపానికి దాసులుగా ఉన్నవారు ఇప్పుడు నీతికి దాసులయ్యారని పౌలు రాశారు. ఎవరికీ లోబడని స్థితిని ఆయన స్వేచ్ఛ అనలేదు.

ఇంగ్లీషులో ‘గిల్ట్’ అన్న ఒకే మాటతో నేరస్థుడనే స్థితినీ, మనసులో కలిగే బాధనూ చెబుతారు. తెలుగులో ‘దోషం’ వేరు, ‘అపరాధ భావం’ వేరు. దోషం ఉండీ ఆ భావం కలగనివారు ఉంటారు. దోషం లేకపోయినా దానితో కుమిలిపోయేవారూ ఉంటారు. విమోచన మొదట తొలగించేది దోషాన్ని అన్నది ప్రధాన క్రైస్తవ సంప్రదాయాల బోధ. భావం వెంటనే పోకపోవచ్చు. మన హృదయం మనల్ని దోషులని తేల్చినా దేవుడు హృదయం కన్నా గొప్పవాడని యోహాను మొదటి లేఖ చెప్పడం ఇలాంటివారిని ఉద్దేశించే.

స్వీడన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో ఒక కుదుపు తెచ్చింది. పౌలు తన గతం గురించి రాసినచోట కుమిలిపోయే మనిషి కనిపించడని, ధర్మశాస్త్రం విషయంలో తాను నిందారహితుణ్నని చెప్పుకున్న ఆత్మవిశ్వాసం కనిపిస్తుందని ఆయన ఎత్తిచూపారు. తనను తాను తవ్వుకునే మనస్సాక్షిని పౌలుకు ఆపాదించింది తర్వాతి పాశ్చాత్య క్రైస్తవమేనన్నది ఆయన వాదన. ఆయన వేలు చూపింది ముఖ్యంగా మార్టిన్ లూథర్ వైపు.

లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవారు. బయటికి వచ్చాక మరిచిపోయినదేదో గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవారు. ఆయన ఆధ్యాత్మిక గురువు స్టావ్‌పిట్స్‌కు విసుగు పుట్టేంతగా సాగిందది. మతపరమైన ఇలాంటి అతిశంకను నేటి వైద్యులు కొన్ని సందర్భాల్లో అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రూపంగా పరిగణించి చికిత్స చేస్తారు. లూథర్‌కు ఊరట దొరికింది రోమీయుల లేఖలో. మనిషి తన క్రియల వల్ల గాక కృప వల్లనే నీతిమంతుడిగా ఎంచబడతాడన్న అవగాహన ఆయన్ను, 1517లో పాపపరిహార పత్రాల విక్రయానికి ఎదురు నిలిచేలా చేసింది. 1520లో క్రైస్తవుడి స్వేచ్ఛపై రాసిన చిన్న పుస్తకంలో, క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడని, అదే సమయంలో అందరికీ సేవకుడని ఆయన రెండు మాటలను పక్కపక్కన నిలబెట్టారు. ఆ చీలిక మానడానికి నాలుగు శతాబ్దాలకు పైగా పట్టింది. నీతిమంతులుగా తీర్చబడటం అనే సిద్ధాంతంపై 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులు, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి ఆ సమాఖ్యలో సభ్యత్వం ఉంది.

ఇంతకీ ధర ఎవరికి చెల్లించారు?

విమోచన క్రయధనం అన్నాక, దాన్ని అందుకున్నదెవరు అన్న ప్రశ్న రాకమానదు. సాతానుకు అని కొందరు తొలి వేదాంతులు జవాబిచ్చారు. మనిషి వాడి చెరలో ఉన్నాడు కాబట్టి వాడికే చెల్లించాలన్నది వారి తర్కం. నాలుగో శతాబ్దానికి చెందిన నిస్సా గ్రెగరీ, గాలానికి గుచ్చిన ఎరను చేప మింగినట్టు సాతాను మోసపోయాడని వర్ణించారు. ఆయన సమకాలికుడైన నాజియాంజస్ గ్రెగరీకి ఇది మింగుడు పడలేదు. దొంగకు పరిహారమా అని ఆయన మండిపడ్డారు. పోనీ తండ్రి అయిన దేవుడికి చెల్లించారందామంటే, మనల్ని చెరపట్టింది ఆయన కాదు కదా అని అడిగారు. పదకొండో శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్, పాపం వల్ల దేవుడి ఘనతకు కలిగిన లోటును క్రీస్తు పూడ్చారన్నారు. పదహారో శతాబ్దంలో కాల్విన్ మనుషులకు పడాల్సిన శిక్షను ఆయన భరించారన్నారు. నేటి ప్రొటెస్టెంట్ ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది కాల్విన్ మాటే. స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఆలెన్ 1930లో మళ్లీ పాత మార్గానికి వెళ్లి, సిలువను చెల్లింపుగా గాక పాపం, మరణం మీద గెలుపుగా చూడాలన్నారు.

భారతీయ పాఠకులకు నాజియాంజస్ గ్రెగరీ అభ్యంతరం అర్థం కావడానికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం, అప్పు పేరుతో మనిషిని కట్టిపడేస్తే ఆ అప్పే రద్దవుతుంది. యజమానికి పరిహారం దక్కదు. రద్దయిన బాకీ కింద సొమ్ము పుచ్చుకుంటే అది నేరం. విడుదల కోసం చెల్లించడం, ఆ చెర న్యాయమైనదేనని ఒప్పుకోవడం అవుతుందన్న ఆలోచన ఆ చట్టంలో ఉంది. పదహారు శతాబ్దాల కిందట గ్రెగరీని బాధించిందీ అలాంటి ఆలోచనే.

క్షమాపణ ఎవరు చెప్పాలి?

పాతికేళ్లుగా తెలుగు మాట్లాడుతున్నవారు కూడా పెద్దగా పట్టించుకోని ఒక వింత ‘క్షమాపణ’ అనే మాటలో ఉంది. రోజువారీ వాడుకలో క్షమాపణ చెప్పేది తప్పు చేసినవాడు. మంత్రి క్షమాపణ చెప్పాలని ప్రతిపక్షం డిమాండ్ చేస్తుంది. తెలుగు బైబిల్లోని ‘పాపక్షమాపణ’లో దాన్ని ఇచ్చేది దేవుడు. అంటే మాట ఒకటే అయినా అది ప్రయాణించే దిశ తలకిందులైంది. కేథలిక్కులు గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడాన్ని ‘పాపసంకీర్తనం’ అంటారు. సంకీర్తన అనగానే అన్నమయ్య గుర్తొచ్చే భాషలో ఈ ప్రయోగం కొత్తవారిని కాసేపు ఆపుతుంది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం తప్పనిసరి అని 1215లో నాలుగో లాటరన్ మహాసభ నిర్ణయించింది.

‘ప్రాయశ్చిత్తం’ సంగతి ఇంకా లోతైనది. ధర్మశాస్త్ర సంప్రదాయంలో ప్రాయశ్చిత్తం చేసుకునేది పాపం చేసినవాడే. ఉపవాసం, దానం, తీర్థయాత్ర వంటివి అతడి బాధ్యత. తెలుగు బైబిల్ అనువాదకులు ఈ మాటను అరువు తెచ్చుకుని, ఒకరి కోసం మరొకరు చేసే పనికి వాడారు. తొలి తెలుగు అనువాదాల్లో పాలుపంచుకున్నవారిలో సంప్రదాయ విద్య తెలిసినవారు ఉన్నారు. విశాఖపట్నంలో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లకు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ తోడ్పడ్డారు. వారి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. పశ్చాత్తాపానికి ప్రొటెస్టెంట్లు వాడే ‘మారుమనస్సు’ మాత్రం అచ్చంగా గ్రీకు ‘మెతనోయా’కు అద్దం పట్టిన మాట. మారువేషం, మారుపేరు మోసానికి పనికొస్తే, అదే ‘మారు’ ఇక్కడ మనిషి నిజంగా మారడాన్ని చెప్పింది.

దేవుడు క్షమిస్తే పొరుగువాడికి చేసిన హాని కూడా తుడిచిపెట్టుకుపోతుందా? బైబిల్ జవాబులో తడబాటు లేదు. ఇతరులకు నష్టం చేసినవాడు పాపం ఒప్పుకోవడంతో పాటు, నష్టానికి అయిదో వంతు కలిపి బాధితుడికి చెల్లించాలని సంఖ్యాకాండం చెబుతుంది. ప్రాయశ్చిత్త దినం మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న పాపాలకే వర్తిస్తుందని, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవి ఎదుటివాణ్ని సమాధానపరిచే వరకు తీరవని యూదుల మిష్నా స్పష్టం చేసింది. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు కొండమీది ప్రసంగంలో బోధించారు. యెరికో పట్టణపు సుంకరి జక్కయ్య, సగం ఆస్తి పేదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని చెప్పిన తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న ప్రకటన వెలువడింది. ఆదివారపు బడుల్లో పిల్లలకు జక్కయ్య చెట్టెక్కడం గురించే ఎక్కువగా చెబుతారు. ఆ నాలుగింతల లెక్క పెద్దల కోసం ఉంది.

నౌక కెప్టెన్ ముప్పై నాలుగేళ్ల మౌనం

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి జాన్ న్యూటన్ జీవితానికి మించిన ఉదాహరణ అరుదు. ప్రపంచంలో అత్యధికంగా పాడుకునే క్రైస్తవ గీతాల్లో ఒకటైన ‘అమేజింగ్ గ్రేస్’ ఆయన రచన. తప్పిపోయినవాణ్ని కృప ఎలా కాపాడిందన్నది దాని ఇతివృత్తం. బానిసల వ్యాపారి కళ్లు తెరిచి, ఆ వృత్తి మాని, ఆ గీతం రాశాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. జరిగిన క్రమం అది కాదు.

1748 మార్చిలో అట్లాంటిక్ తుపానులో ఓడ మునిగిపోబోతుండగా న్యూటన్ దేవుణ్ని ప్రార్థించారు. తన మార్పు ఆ రోజే మొదలైందని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. బానిసలను తరలించే ఓడలకు ఆయన కెప్టెన్ అయింది మాత్రం ఆ తర్వాతే, 1750లో. ఆఫ్రికా తీరం నుంచి మనుషులను గొలుసులతో బంధించి తీసుకెళ్తూనే, ఆదివారాల్లో నావికులతో ప్రార్థనలు చేయించేవారు. 1754లో ఆ పని మానడానికి కారణం అనారోగ్యం. 1764లో చర్చి గురువయ్యారు. ప్రసిద్ధ గీతాన్ని 1773 నూతన సంవత్సర ఆరాధన కోసం సిద్ధం చేశారు. ఆఫ్రికా బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం ప్రచురించింది 1788లో. ఓడ దిగిన ముప్పై నాలుగేళ్లకు. తన ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని అందులో ఆయనే అంగీకరించారు.

ఆ పుస్తకంలో ఓడల లోపలి పరిస్థితులను, మనుషులను అరల్లో పుస్తకాల్లా పక్కపక్కనే పేర్చిన తీరును కళ్లారా చూసినవాడిగా వివరించారు. బ్రిటిష్ అధికార సంఘాల ముందు సాక్ష్యమిచ్చారు. రాజకీయాలు వదిలేద్దామనుకున్న యువ ఎంపీ విలియం విల్బర్‌ఫోర్స్‌ను పార్లమెంటులోనే ఉండమని 1785లో ప్రోత్సహించిందీ ఆయనే. బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807 మార్చిలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ కన్నుమూశారు.

దేవుడు తనను క్షమించాడన్న నమ్మకం న్యూటన్‌కు 1748 నుంచీ ఉంది. ఆ నమ్మకం అబద్ధమని ఏ వేదాంతీ అనలేడు. అయితే ఆ నలభై ఏళ్లలో ఆయన తన పాపాల జాబితాలో దైవదూషణ, తాగుబోతుతనం, దుర్నడత వంటివాటిని ముందు పెట్టారు. గొలుసుల్లో ఉన్నవారు ఆ జాబితాలోకి చేరడానికి చాలా కాలం పట్టింది. పాపాన్ని కేవలం తనకూ దేవుడికీ మధ్య విషయంగా చూస్తే మూడో మనిషి కనిపించడు. ఖరీదు లేని కృప అంటూ జర్మన్ బోధకుడు డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో, నాజీల పాలన మధ్య విమర్శించింది ఈ జబ్బునే.

మనోహర్‌పూర్ తర్వాత

నష్టపోయిన పక్షం నుంచి చూసినప్పుడు భారతీయులకు వెంటనే గుర్తొచ్చే పేరు గ్లాడిస్ స్టెయిన్స్. ఒడిశాలోని బరిపదలో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి అనే ఇద్దరు కొడుకులను 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రిస్తుండగా సజీవ దహనం చేశారు. హంతకులను క్షమిస్తున్నానని ఆమె ప్రకటించడం దేశాన్ని కదిలించింది. క్షమించడం వేరు, చట్టం తన పని చేయడం వేరు అని కూడా ఆమె చెప్పారు. ఈ మాటకు అంత ప్రచారం రాలేదు. ప్రధాన దోషి దారాసింగ్‌కు కింది కోర్టు విధించిన మరణశిక్షను ఒడిశా హైకోర్టు 2005లో యావజ్జీవ ఖైదుగా మార్చింది. దాన్ని 2011లో సుప్రీంకోర్టు సమర్థించింది. క్రైస్తవ సిద్ధాంతంలో ఆమె వైఖరికి చోటు స్పష్టంగానే ఉంది. ఆమె వదులుకున్నది పగ తీర్చుకునే హక్కును. న్యాయస్థానం అధికారం ఆమె వదులుకోగలిగినది కాదు.

గుండ్లకమ్మ ఒడ్డున

అయితే పాపం చేసినవారి దోషం గురించే మాట్లాడే సిద్ధాంతం, తరతరాలుగా ఇతరుల పాపాన్ని భరించినవారికి ఏం చెబుతుంది? గత శతాబ్దం చివరి దశకాల్లో దళిత వేదాంతులు గట్టిగా అడిగిన ప్రశ్న ఇది. తెలుగు నేల మీద దీనికి ఇంకా పాత చరిత్ర ఉంది.

1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. 1876-78 నాటి మహా కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశారు. కరవు పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఉద్యమానికి బాటలు వేసింది తోళ్ల వ్యాపారి, అంతకుముందు రాజయోగ సాధకుడైన ఎర్రగుంట్ల పేరయ్య. 1866లో క్రైస్తవుడైన ఆయన ఊరూరా నడిచి బంధువర్గానికి బోధించారు.

పుట్టుకే పూర్వజన్మ పాపఫలమని వింటూ వచ్చినవారికి, పాపానికి మూల్యం చెల్లించడం అయిపోయిందన్న మాట లూథర్ విన్న అర్థంలోనే వినిపించి ఉండదు. వారికి అది తమ మీద ఊరు రాసిన తీర్పు రద్దు కావడం. కొత్తగా చేరేవారికి మిషను పెట్టిన ప్రధాన నియమాలు మూడు: విగ్రహారాధన మానాలి, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. అన్నిటికన్నా గొడవ తెచ్చింది మూడోది. ఊరి జాతరలో డప్పు కొట్టడానికీ, కోతల కాలంలో ఆదివారం పొలానికీ రామన్నవారికి దెబ్బలు, వెలి తప్పలేదు. చర్చి లోపల కులం అంతటితో పోలేదు. కొన్నిచోట్ల శ్మశానాలు నేటికీ వేరుగానే ఉన్నాయి.

ఆదివారం పని మానడాన్ని మిషనరీలు దేవుడి ఆజ్ఞగా బోధించారు. వారపు విశ్రాంతికి ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయం చెప్పే కారణం, వినేవారు ఒకప్పుడు ఐగుప్తులో బానిసలుగా ఉండి విడుదలయ్యారన్నది. ఆ రోజు దాసుడికీ దాసికీ, ఎద్దుకూ గాడిదకూ కూడా పని చెప్పకూడదు.